చీటీల పెట్టె తాళంచెవి

కొత్తగా ఆరోగ్యశాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ సర్వీసులో బాగా సక్సెస్ అయిన ప్రోగ్రామ్ ఒకటి చెప్పండి సార్" అంటారు. సక్సెస్‌లు చెప్పడానికి డిపార్టుమెంటు ఉంది, గోడకు తగిలించిన ప్రశంసాపత్రాలు ఉన్నాయి. నా నోటితో చెప్పాల్సింది నేను పాడుచేసిన పని ఒకటుంది. ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయను. ఊరి పేరు కూడా అడక్కండి.

నేను హెల్త్ ఎడ్యుకేటర్‌ని. పేరు ఘనంగా ఉంటుంది గానీ చేసేదంతా నోటి పని. దోమల గురించి, టీకాల గురించి, కుష్ఠు గురించి ఊరూరా తిరిగి చెప్పడం. నాకు మైకు ఇస్తే వదలనని నా వెనక అనుకునేవాళ్లు, కొందరు మొహం మీదే అనేవాళ్లు. నిజమే, నాకు సభ అంటే ఇష్టం. షామియానా, నాలుగు కుర్చీలు, బల్ల మీద దుప్పటి, దాని మీద గ్లాసులో నీళ్లు కనపడితే నా గొంతు దానంతటదే సర్దుకునేది.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు నన్ను పిల్లల కార్యక్రమం ఒకదానికి వేశారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు తాగుడుకీ గంజాయికీ అలవాటు పడకుండా, బడి మానకుండా, చిన్న వయసులో పెళ్లిళ్లు కాకుండా, ప్రాణాల మీదికి తెచ్చుకోకుండా ముందే చూసుకోవడం దాని ఉద్దేశం. మొత్తం పది వారాలు. ఏ వారం ఏం చేయాలో ఒక పుస్తకం ఇచ్చారు. గుంటూరులో మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. నేర్పడానికి వచ్చినావిడకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటి రోజే చెప్పింది: "ఇది ఎవరో కూర్చుని ఊహించి రాసింది కాదండీ. చేసిన చోటా చేయని చోటా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, ఉపయోగం ఉందని తేలాక రాసిన పుస్తకం. చిన్న విషయమే కదా అని దేన్నీ తీసేయొద్దు. ఏది తీస్తే మిగతాది కూలుతుందో మనకు తెలియదు."

వెనక బెంచీలో కూర్చుని నేను నవ్వుకున్నాను. నేను ఊళ్లు తిరగడం మొదలుపెట్టినప్పటికి ఈ అమ్మాయి పుట్టి కూడా ఉండదు, నాకు చెప్తుందా అనుకున్నాను. అది నా పొగరు. ఇప్పుడు ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

మాకిచ్చిన ఊరు గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట ఉంటుంది. రోడ్డుకు ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఊళ్లో హైస్కూలు ఉంది. అంతకు ముందు ఏడాది ఇంటర్ తప్పిన కుర్రాడొకడు అక్కడ ప్రాణం తీసుకున్నాడు. మా కార్యక్రమానికి ఆ ఊరినే ఎంచడానికి అది ఒక కారణం. మగపిల్లలు తొమ్మిదో తరగతికొచ్చేసరికి గుట్కా నమిలేవాళ్లు. ఆడపిల్లలు మిరప కోతలకని బడి మానేవాళ్లు, కోతలయ్యాక సగం మంది తిరిగి వచ్చేవాళ్లు కాదు.

నాతో పాటు పనిచేసింది ఆ ఊరి ఏఎన్ఎం. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది, మొహమాటం తెలియదు. గర్భిణీల దగ్గర నుంచి సర్పంచి దాకా అందర్నీ ఒకటే గొంతుతో కసిరేది. నన్ను 'సార్' అనేది గానీ ఆ సార్‌లో భయం పాలు ఏమాత్రం ఉండేది కాదు.

ఆ పుస్తకంలో ఒక పెట్టె ఉంది. రేకు పెట్టె, పైన చీలిక, చిన్న తాళం. బడి వరండాలో పెట్టాలి. పిల్లలు తమకేం కష్టం ఉన్నా పేరు రాయకుండా చీటీ రాసి అందులో వేయాలి. తాళంచెవి కార్యక్రమం నడిపేవాడి దగ్గరే ఉండాలి. పెట్టెను అతను ఒంటరిగా తెరవాలి. ఏ చీటీనీ ఉన్నదున్నట్టు బయట చదవకూడదు. అన్నీ కలిపి, ఎవరిదో తెలియకుండా, వచ్చే వారం పాఠంలో జవాబు చెప్పాలి. ఏ పిల్లకైనా ప్రమాదం ఉందనిపిస్తే చడీచప్పుడు లేకుండా చెప్పాల్సిన చోట చెప్పాలి. అదంతా ఒక పేజీ. ఆ పేజీ నేను ఒకటికి రెండుసార్లు చదివాను. చదవలేదని తప్పించుకోవడానికి లేదు.

మొదటి వారం పెట్టెలో రెండు చీటీలు పడ్డాయి. మూడో వారానికి పాతిక దాటాయి. పీహెచ్‌సీలో తలుపేసుకుని నేనూ ఏఎన్ఎమ్మూ చదివేవాళ్లం. ఒంటరిగా తెరవమన్నారు కదా అని నసిగితే, "ఆడపిల్లల సంగతులు మీకేం తెలుస్తాయి సార్, ఇటివ్వండి" అని లాక్కునేది. ఆవిడ ఉండటం మంచిదే అయింది. "మా నాన్న తాగొచ్చి లైటు తీసేస్తాడు, నేను ఎక్కడ చదవాలి?" అని ఒకటి. "మా అన్న సంచిలో గంజాయి చూశాను, చెప్తే నన్ను చంపేస్తాడు" అని ఒకటి. "పత్తి తీసిన చేతులతో పెన్ను పట్టుకుంటే వేళ్లు మండుతున్నాయి" అని ఇంకొకటి.

అన్నేళ్లుగా ఊళ్లకు చెప్పడమే గానీ ఊళ్లు నాకు చెప్పడం అదే మొదటిసారి. ఆ చీటీలు చదివిన రోజుల్లో ఇంటికెళ్లి అన్నం సరిగ్గా తినేవాణ్ణి కాదు. కానీ పని జరిగింది. హెడ్మాస్టరుతో మాట్లాడి సాయంత్రం ఎనిమిదింటి దాకా ఒక గది తెరిపించి ఉంచాం. ఆ గంజాయి సంచి అన్నను ఏఎన్ఎం ఏం చెప్పి దారిలోకి తెచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పుస్తకం పనిచేస్తోంది. ఐదు వారాలు పనిచేసింది.

ఆరో వారం మా పైఆఫీసరు ఫోన్ చేశాడు. "ఏంటండీ, మీ ఊరి నుంచి ఒక్క ఫొటో లేదు. మిగతా మండలాల వాళ్లు బ్యానర్లు కట్టి పంపిస్తున్నారు. ప్రజల భాగస్వామ్యం కనపడాలి, ఊరి పెద్దలు కనపడాలి. వచ్చే గురువారం జిల్లా టీమ్ వస్తోంది, మీ ఊరికే తీసుకొస్తున్నా" అన్నాడు.

నాకు కావాల్సింది కూడా అదే. పుస్తకం చివర్లో 'స్థానిక పరిస్థితులకు తగినట్టు మార్చుకోవచ్చు' అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం మీద నేను షామియానా వేశాను.

ఊరి పెద్దాయన ఒకరున్నారు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. బడికి బోరు వేయించింది ఆయనే. పత్తి దించుకునే తన షెడ్డు ఖాళీ చేయించి, టీమ్ రాకముందే శనివారం పెట్టిన సభకిచ్చాడు. ఆయన కబురు పెడితే ఊరంతా వచ్చింది. మేం ఐదు వారాలు బతిమాలినా రాని తండ్రులంతా తలగుడ్డలు తీసి భుజాన వేసుకుని వెనక నిలబడ్డారు.

పెట్టెను కూడా తీసుకెళ్లాను. ఏఎన్ఎం చూసి, "ఇదెందుకు తెచ్చారు సార్ ఇక్కడికి?" అంది.

"ఫొటో కోసమమ్మా. బల్ల మీద ఉంటుంది, అంతే."

"బల్ల మీద పెడితే ఊరుకుంటారా మన జనం?"

ఊరుకోలేదు. ఎవరో అప్పుడే దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. కొత్త ట్రాక్టరుకి చేసినట్టు చేశారు. నాకు అది ముచ్చటగా అనిపించింది. ఊరు మా కార్యక్రమాన్ని సొంతం చేసుకుందని మైకులో చెప్పాను కూడా.

పెద్దాయనకు శాలువా కప్పాం. మైకు స్టాండు విరిగిపోయి ఉంది, అందుకని ఆయన మాట్లాడుతున్నంతసేపూ మైకు నేను పట్టుకున్నాను. ఆయన నాలుగు మాటలు మాట్లాడి పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఏవయ్యా, ఈ డబ్బాలో ఏవుంది? తియ్యి చూద్దాం. మన పిల్లల కష్టాలు మనం తీర్చకపోతే ఎవరు తీరుస్తారు?" అన్నాడు. చప్పట్లు మోగాయి.

నా జేబులో తాళంచెవి ఉంది. ఏఎన్ఎం పక్క నుంచి నన్నే చూస్తోంది. కాదనడానికి నాకు మాట దొరకలేదు. శాలువా కప్పిన మనిషి, ఆయన షెడ్డులో, ఆయన పిలిస్తే వచ్చిన జనం ముందు అడిగితే కాదనడం మా వైపు ఎక్కడా నేర్పరు. ఆ ముందు వారం పాఠం 'వద్దు అని చెప్పడం ఎలా' అన్నది. పిల్లల్ని జంటలుగా నిలబెట్టి, ఒకరు బీడీ ఇస్తున్నట్టూ ఇంకొకరు వద్దన్నట్టూ చేయించాను. చాలా బాగా చెప్పారని హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు.

తాళంచెవి తీసి ఇచ్చాను.

మొదటి చీటీ బడిలో నీళ్లు రావట్లేదని. "రేపే మోటారు బాగు చేయిస్తా" అన్నాడు. చప్పట్లు. రెండోది ఆటల పీరియడు కావాలని. అందరూ నవ్వారు. ఇక ఫర్వాలేదులే అనుకున్నాను. మూడోది విప్పి అదే గొంతుతో చదివాడు. "కోతలకి నన్ను బడి మాన్పిస్తారట. ఎండాకాలంలో పెళ్లి చేస్తారట. నాకు పది పరీక్షలు రాయాలని ఉంది. ఎవరైనా మా నాన్నకు చెప్పండి. నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు."

ఆఖరి వాక్యం కూడా చదివాడు. ఏం చదివాడో ఆయనకు తెలిసినట్టు లేదు. చీటీ ఎత్తి పట్టుకుని, "ఎవరిదిరా ఇది, రాత ముత్యాల్లా ఉంది?" అన్నాడు. హెడ్మాస్టరు ముచ్చటపడి, "మా బడిలో అంత మంచి రాత ఒక్కదానిదేనండీ" అని నోరు జారి, అక్కడే ఆగిపోయాడు. ఆగి ఏం లాభం? రోజూ బడి బోర్డు మీద మంచిమాట రాసే పిల్ల ఎవరో ఊరంతటికీ తెలుసు. తలలన్నీ మూడో వరుసలోకి తిరిగాయి. ఆ పిల్ల నేల చూస్తూ కూర్చుంది. వెనక స్తంభం దగ్గర ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు. కౌలుకి మిరప వేసుకునే మనిషి, ఎవరి జోలికీ పోడు. పక్కనున్నవాడు ఏదో అని అతని భుజం తట్టి నవ్వాడు. అతను తలగుడ్డ దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా మైకు నా చేతిలోనే ఉంది. దించి ఉండొచ్చు. వైరు పీకేసి కరెంటు పోయిందని ఉండొచ్చు. ఇవన్నీ ఆ రాత్రి మంచం మీద తట్టాయి.

సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మధ్యాహ్నం ఏఎన్ఎం పీహెచ్‌సీకి వచ్చి, కూర్చోకుండానే, "శుక్రవారం పెళ్లి అంట సార్" అంది.

ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ పిల్ల తలకి గుడ్డ కట్టుకుని కాళ్లతో కాయల్ని తిరగతోస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. తల్లి లోపలికి పిలిచింది, పిల్ల వెళ్లిపోయింది.

తండ్రి కుర్చీ వేశాడు, మర్యాదకేం లోటు చేయలేదు. నేను వయసు గురించి, చట్టం గురించి, చదువు గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. అంతా విని అన్నాడు: "టీ కొట్టు దగ్గర నేను కూర్చోలేకపోతున్నానండీ. కన్నకూతురు నా మీద ఊరికి అర్జీ పెట్టిందని నవ్వుతున్నారు. నేనేమైనా దాన్ని కొట్టానా, తిట్టానా? మీరు పెద్ద చదువులు చదివినోళ్లు. మీ డబ్బా తెచ్చి మా ఇల్లు వీధిలో పెట్టారు. ఇప్పుడు మళ్లీ ఏం చెప్పడానికొచ్చారండీ?"

కుర్చీలోంచి లేచాను. సభలో అయితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

బయటికొచ్చాక ఏఎన్ఎం ఫోన్ తీసింది. "పిల్లల హెల్ప్‌లైన్‌కి ఇప్పుడే చేసేద్దాం సార్. ఐసీడీఎస్ మేడంకి కూడా చెబుదాం."

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. మొదటిది మొహమాటం అనుకోవచ్చు. ఇది అలాంటిది కాదు, ఆలోచించి చేసింది. ఫిర్యాదు వెళితే పోలీసులొస్తారు, ఎలా బయటపడిందని అడుగుతారు, సభలో పెట్టె తెరిచిన సంగతి తేలుతుంది. గురువారం జిల్లా టీమ్ వస్తోంది. "పెళ్లి శుక్రవారం కదమ్మా. గురువారం మధ్యాహ్నానికి వాళ్లెళ్లిపోతారు. వెళ్లగానే చేద్దాం. టైముంది" అన్నాను.

"ఎవరికుంది సార్ టైము?" అంది ఆవిడ. కానీ నేను పైవాణ్ణి. ఫోన్ సంచిలో వేసుకుంది.

గురువారం టీమ్ వచ్చింది. పిల్లలు పాట పాడారు. ఒకాయన పెట్టె పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు, బంతిపూలు వాడిపోయి ఇంకా దాని మీదే ఉన్నాయి. కార్లు రోడ్డెక్కగానే ఏఎన్ఎం నా వైపు చూడకుండా ఫోన్ చేసింది. సాయంత్రానికి అధికారులు ఆ ఇంటికి వెళ్లారు. తలుపుకి తాళం ఉంది. పక్కింటావిడ చెప్పింది, బుధవారమే కనిగిరి వైపు చుట్టాల ఊరికి తీసుకెళ్లి, అక్కడే ముడి వేయించారని. మేం ఇంటికొచ్చి వెళ్లాక ఆ తండ్రి శుక్రవారం దాకా ఆగలేదు.

కేసు రాశారు. నాలుగు రోజులు తిరిగారు. అబ్బాయి తరఫువాళ్లు పిల్లకు పద్దెనిమిది నిండాయని ఎవరిదో కాగితం తెచ్చారు. అందరికీ పనులున్నాయి. నా హాజరు పట్టీలో ఒక కాలమ్ ఉంటుంది, పిల్లలు రావడం మానితే కారణం రాయాలి. ఆ పిల్ల పేరుకెదురుగా 'వలస' అని రాశాను. నా చేతిరాతే.

మిగిలిన నాలుగు వారాలూ పెట్టెను యథాప్రకారం వరండాలో పెట్టాం. తాళం కొత్తది వేశాను, ఎవరికోసమో. చీటీలు పడేవి. పిల్లలు తెలివైనవాళ్లు, ఖాళీగా ఉంటే మాకు మాట వస్తుందని వాళ్లకీ తెలుసు. "దోమలు పెరగకుండా ఏం చేయాలి?" "చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి?" ప్రతి వారమూ అవే. వాటికి జవాబులు నాకు బాగా వచ్చు. ఏఎన్ఎం ఆ చీటీలు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది, లాక్కుని చదవడం మానేసింది. పని మాటలు తప్ప నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆగస్టులో కార్యక్రమం బాగా నడిపినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. తీసుకున్నాను.

మీలాంటి వాళ్లు వచ్చి, ఇలాంటి పుస్తకాలు మన ఊళ్లకు పనికిరావు సార్, మనవాళ్ల సంగతి వేరు అంటుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకం పనిచేసింది. మన ఊరికి తగ్గట్టు అని నేను మార్చింది ఊరి కోసం కాదు, నాకు సభ కావాలని. ఏదైనా మార్చే ముందు, ఇది పిల్లల కోసం మారుస్తున్నానా, నా కోసమా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. నేను అడుక్కోలేదు.

ఇంతవరకే అయితే ఇది రాయకపోదును. పోయిన వేసవిలో, పచ్చడికి కాయలు కొందామని గుంటూరు శివార్లలో ఒక షెడ్డు దగ్గరికి వెళ్లాను. ముప్పై మంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి గుమ్మంలోనే దగ్గొచ్చింది. వరుస చివర ఉన్నామె నన్ను చూసి మొహం మీది గుడ్డ కిందికి లాగింది.

"హెల్త్ సార్ కదూ మీరు?"

గుర్తుపట్టాను. మనిషి చిక్కిపోయింది, కళ్లు అవే. ఇద్దరు పిల్లలట. ఆయన లారీ మీద వెళతాడట, కొన్నాళ్లు వస్తాడు, కొన్నాళ్లు రాడు అంది. నేను అక్కడున్న గోతం మీద కూర్చున్నాను. ఇన్నేళ్లుగా మనసులో అనుకుంటున్న మాట అక్కడే అన్నాను. "నన్ను క్షమించమ్మా. నువ్వు నమ్మి రాసిన చీటీని నేను కాపాడలేకపోయాను."

ఆమె చేతులు ఆగలేదు, కాయ తీయడం, తొడిమ గిల్లడం, తట్టలో వేయడం. "అది నేను రాయలేదు సార్" అంది.

నాకు అర్థం కాలేదు.

"మంచి రాత అనగానే నేనే అనుకున్నారు, చీటీ దగ్గరగా ఎవరూ చూడలేదు. నాకప్పుడు పెళ్లి మాటే లేదు. నన్ను టీచరు ట్రైనింగు చదివించాలనేవాడు మా నాన్న. ఆ సభ తర్వాత ఊళ్లో అందరూ నీ కూతురే నీ కూతురే అని నవ్వారంట. ఇంటికొచ్చి, లేని పెళ్లి ఉందని ఎందుకు రాశావే, నీకు పెళ్లి కావాలా అని అడిగాడు. ఆ తర్వాత ఇంక నా మాట వినలేదు. చనిపోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు సార్."

"నువ్వు కాదని చెప్పొచ్చుగా తల్లీ. నాకైనా, హెడ్మాస్టరు గారికైనా."

"చెప్తే? నేను కాకపోతే మరెవరని వెతుకుతారు కదా. మా తరగతిలో ఆడపిల్లలం పదకొండు మందిమి. ఎంతసేపు పడుతుంది?" తట్ట నిండింది, పక్కకి జరిపి ఇంకో గోతంలో చెయ్యి పెట్టింది. "రాసిన పిల్ల నాకు తెలుసు సార్. గొడవ నా మీదికి వచ్చి కేసు దాకా వెళ్లిందిగా, భయపడి వాళ్లింట్లో ఆ ఏడాదికి ఊరుకున్నారు. పరీక్షలు రాసింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది."

ఏం అనాలో తెలియక, తెలియనప్పుడు నోరు మూసుకోవడం జన్మలో అలవాటు లేక, అడిగేశాను.

"ఎవరమ్మా ఆ పిల్ల?"

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

"ఇంకా అడుగుతున్నారా సార్?" అంది.

మొహం మీదికి గుడ్డ లాక్కుని మళ్లీ కాయలు అందుకుంది.